పంతమా, పాయింట్లా? ఫుట్‌బాల్ ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 2019లో లీడ్స్ యునైటెడ్ మేనేజర్ మార్సెలో బియెల్సా, తన జట్టు కొట్టిన గోల్ న్యాయంగా లేదని ప్రత్యర్థికి ఒక గోల్ ఇప్పించేశాడు. ఆ మంచితనం వల్లే ప్రీమియర్ లీగ్ అవకాశం చేజారిందని కొందరంటున్నారు. నిజమేనా?

జవాబు: ముందు లెక్క చూడండి. ఆస్టన్ విల్లాతో ఏప్రిల్ 28న జరిగిన ఆ మ్యాచ్ 1-1తో ముగిసింది. అప్పుడు లీడ్స్ ప్రీమియర్ లీగ్‌కు కింది డివిజన్ అయిన ఛాంపియన్‌షిప్‌లో ఉంది; అందులో మొదటి రెండు జట్లు నేరుగా పైకి వెళ్తాయి. సీజన్ చివరికి లీడ్స్‌కు 83 పాయింట్లు, రెండో స్థానంలో నేరుగా పైకి వెళ్లిన షెఫీల్డ్ యునైటెడ్‌కు 89. ఆ రోజు గెలిచి ఇంకో 2 పాయింట్లు సంపాదించినా 85 దగ్గర ఆగిపోయేవారు. లీడ్స్‌ను ఆపింది, మిగిలిన ఒక్క బెర్తు కోసం జరిగే ప్లేఆఫ్‌లో డెర్బీ చేతిలో ఓటమి.

విల్లా ఆటగాడు గాయంతో పడి ఉండగా, లీడ్స్ వాళ్లు బంతిని బయటికి పంపేలా కనిపించి, ఆట కొనసాగించి గోల్ కొట్టారు. నియమం ప్రకారం అందులో తప్పు లేదు. గాయం తీవ్రమని రిఫరీకి అనిపిస్తేనే ఆట ఆపాలి. బంతిని బయటికి తన్నడం ఆటగాళ్ల మధ్య మర్యాద. ఆ మర్యాదను నమ్మి విల్లా ఆటగాళ్లు ఆగిపోయారు. అందుకే విల్లా గోల్ కొట్టేలా అడ్డు తప్పుకోమని బియెల్సా తన ఆటగాళ్లను ఆజ్ఞాపించాడు. అదే సీజన్ జనవరిలో డెర్బీ శిక్షణను చాటుగా చూసి రమ్మని మనిషిని పంపిందీ ఆయనే. క్లబ్‌కు 2 లక్షల పౌండ్ల జరిమానా పడింది. మ్యాచ్‌కు ముందు 72 గంటల్లో ప్రత్యర్థి శిక్షణ చూడకూడదనే నియమం కూడా ఆ తర్వాతే వచ్చింది.

కాబట్టి ‘సిద్ధాంతం’ అన్నప్పుడు రెండు విషయాలను కలిపేయకండి. ఎదుటివారి నమ్మకాన్ని సొమ్ము చేసుకోకపోవడం ఒకటి. మనకు నచ్చిన తీరులోనే ఆడటం ఇంకొకటి. మొదటిదానికి బేరం ఉండకూడదని మా గట్టి అభిప్రాయం. రెండోదాని ఖరీదును మాత్రం ప్రతి మ్యాచ్‌కూ లెక్కగట్టాలి.

ప్రశ్న: చిన్న జట్లు కూడా గోల్‌కీపర్ దగ్గర్నుంచే పొట్టి పాసులతో ఆట మొదలుపెట్టి గోల్స్ ఇచ్చుకుంటున్నాయి. ఇది మేనేజర్ల మొండితనం కాదా?

జవాబు: పద్ధతి వెనక గట్టి తర్కం ఉంది. ప్రత్యర్థి కీపర్ తన గోల్ దగ్గరే ఉంటాడు గనుక మనల్ని ఒత్తిడి చేయడానికి వచ్చేది గరిష్ఠంగా 10 మంది. మన కీపర్‌ను కలుపుకుంటే మనం 11. అంటే ఎప్పుడూ ఒకడు ఖాళీగా ఉంటాడు. 2019లో నియమం మారాక గోల్ కిక్‌ను (గోల్ దగ్గర్నుంచి ఆట తిరిగి మొదలుపెట్టే తన్నును) పెనాల్టీ ఏరియా, అంటే గోల్ ముందున్న పెద్ద పెట్టె లోపలే అందుకోవచ్చు. బంతి కదిలేదాకా ప్రత్యర్థులు బయటే ఉండాలి. అందుకే కీపర్‌కు అటూ ఇటూ ఇద్దరు డిఫెండర్లు, ఏరియా అంచున ఒక మిడ్‌ఫీల్డర్ నిలబడతారు. ప్రత్యర్థిని ముందుకు రప్పించి, వాడు వదిలేసి వచ్చిన మనిషికి బంతి చేర్చడమే ఉద్దేశం.

చెడిపోయేది ఎక్కడంటే, మొదటి స్పర్శ దగ్గర. బంతిని అది వచ్చే వైపుకు దూరంగా ఉన్న కాలితో, ఒళ్లు సగం తిప్పి అందుకోవాలి. అలాకాక దగ్గరి కాలితో ఆపితే మైదానంలో సగం కనబడదు. ప్రెస్ చేసేవాడు, అంటే మీదికొచ్చి ఒత్తిడి చేసే ప్రత్యర్థి, వంపుగా పరుగెత్తి ఒక పక్క పాసు దారిని మూసేస్తాడు. మిగిలేది వెనక్కి కీపర్‌కు ఇవ్వడమే, అదీ చాలాసార్లు అలవాటు లేని కాలికి. అక్కడ బంతి పోతే గోల్ 16 మీటర్ల లోపే. కింది డివిజన్‌లో ఇవన్నీ సర్దుకునే వ్యవధి దొరుకుతుంది, పైన దొరకదు. మేనేజర్ విన్సెంట్ కొంపనీ నడిపిన బర్న్‌లీ 2022-23లో ఛాంపియన్‌షిప్‌లో 101 పాయింట్లు సాధించింది; మరుసటి ఏడాది ప్రీమియర్ లీగ్‌లో 24తో కిందికి దిగింది. అదే కొంపనీ 2024-25లో బాయర్న్ మ్యూనిక్‌తో జర్మన్ లీగ్ గెలిచాడు. పంతం అదే, కాళ్లు వేరు.

విరుగుడు కష్టమేమీ కాదు. ప్రత్యర్థి ఐదారుగురిని ముందుకు పంపాడంటే వెనక మనిషికి మనిషి మాత్రమే మిగులుతాడు. అప్పుడు కీపర్ పొడవాటి కిక్ కొట్టాలి. పైగా గోల్ కిక్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ (పాసు వేసేటప్పటికే డిఫెండర్లను దాటి ముందు నిలబడటం) లేదు! ఆ రెండో దారిని శిక్షణలో నేర్పకుండా పొట్టి పాసే ధర్మమనే మేనేజర్‌దే అసలు లోపం.

ప్రశ్న: 9 మందితో కూడా డిఫెన్స్‌ను మైదానం మధ్యలో నిలబెట్టిన పోస్టెకోగ్లూ ధైర్యవంతుడా, తెలివితక్కువవాడా?

జవాబు: ఆయన టాటెన్‌హామ్ మేనేజర్‌గా ఉన్నప్పుడు, ఇద్దరు రెడ్ కార్డులతో వెళ్లిపోయిన 2023 నవంబర్ 6 నాటి చెల్సీ మ్యాచ్ గురించి కదా. డిఫెన్స్ గీత అంత ముందుకు జరగాలంటే ఒక షరతు ఉంది: బంతి ఉన్నవాడి మీద ఎప్పుడూ ఒత్తిడి ఉండాలి. వాడు తలెత్తి చూసే వీలు దొరికితే వెనకున్న ఖాళీలోకి పాసు వేసేస్తాడు. కీపర్ పోగా మిగిలిన 8 మందితో ఆ ఒత్తిడి 90 నిమిషాలదాకా నిలవదు. 75వ నిమిషం వరకూ 1-1గా ఉన్నది చివరికి 1-4 అయింది. ధైర్యం మెచ్చదగ్గదే, షరతు తప్పింది.

దీని పక్కన 2010 ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో, బార్సిలోనా మైదానంలో మేనేజర్ మౌరీన్యో ఇంటర్ జట్టును పెట్టి చూడండి. 28వ నిమిషంలో మోట్టా రెడ్ కార్డ్‌తో వెళ్లిపోయినా గంటకు పైగా పెనాల్టీ ఏరియా ముందు ఇరుకుగా నిలబడి, 0-1తో ఓడినా, రెండు మ్యాచ్‌లు కలిపి 3-2తో ఫైనల్ చేరారు. గోల్స్ కొట్టాల్సిన స్ట్రైకర్ ఎటో, పక్కన కాపు కాసే డిఫెండర్ (ఫుల్‌బ్యాక్)లా పరుగెత్తాడు. అలా కాపు కాయడం కూడా నేర్పితేనే వచ్చే విద్య. పోస్టెకోగ్లూ దాన్ని 2025 మే 21న వాడాడు: యూరోపా లీగ్ ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ మీద ఒక గోల్ కొట్టి, దాన్నే కాపాడుకుని గెలిచాడు. క్లబ్‌కు 2008 తర్వాత అదే తొలి ట్రోఫీ. అయినా లీగ్‌లో 17వ స్థానం కారణంగా 16 రోజులకే ఉద్వాసన పలికారు. గెలిస్తే చాలు అనేవారు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: 1982 ప్రపంచకప్‌లో బ్రెజిల్‌ను ముంచింది అందమైన ఆట మీది మోజేనా?

జవాబు: పూర్తిగా కాదు. ఇటలీతో డ్రా చాలు, 2-2 అయ్యాక కూడా ముందుకు వెళ్లారన్నది నిజమే. కానీ ఇటలీ ఆటగాడు రోసీ మూడు గోల్స్ ఎలా వచ్చాయో చూడండి: ఒకటి క్రాస్‌కు హెడర్, రెండోది బ్రెజిల్ ఆటగాడు సెరెజో అడ్డంగా వేసిన అజాగ్రత్త పాసు, మూడోది కార్నర్. కార్నర్‌కు బ్రెజిల్ వాళ్లు వెనక్కి వచ్చి కాచుకునే ఉన్నారు. అవి డిఫెన్స్ పొరపాట్లు. వాటిని బ్రెజిల్ కోచ్ టెలే సంతానా సిద్ధాంతం మీద తోసేయడం అన్యాయం.