టిబెట్ పాపను చదివిస్తానంటున్నారు... పదేళ్లు కట్టగలరా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికొచ్చేది లక్షా 35 వేలు, ఇంటి లోన్ ఈఎంఐ 42 వేలు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. టిబెట్‌లో యూషు దగ్గర జడల బర్రెలు మేపుకునే కుటుంబంలోని ఏడేళ్ల పాపను చదివించమని ఒక విదేశీ సంస్థ అడిగింది. నెలకు 3,000 చొప్పున పదేళ్లు. పన్ను మినహాయింపు వస్తుందా? ఎలా పంపాలి?

జవాబు: పన్ను సంగతి ముందే తేల్చేద్దాం. విదేశీ సంస్థకిచ్చే విరాళానికి 80జి, అంటే విరాళాల మీద వచ్చే పన్ను మినహాయింపు, రాదు. పంపడానికి మాత్రం ఇబ్బంది లేదు. విదేశాలకు డబ్బు పంపుకునేందుకు రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, 10 లక్షల రూపాయలు దాటితే గానీ టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) పడదు. బ్యాంకులో ఫారమ్ ఏ2 నింపేటప్పుడు విరాళం అని స్పష్టంగా రాయండి. నెలనెలా మాత్రం పంపకండి. మూడు వేలకి ప్రతిసారీ బ్యాంకు చార్జీ, జీఎస్టీ, మధ్యలో విదేశీ బ్యాంకు కోత పోతే పాపకి మిగిలేదెంత? ఏడాదికోసారి 36 వేలు ఒకేసారి పంపండి.

నాకు సందేహం వచ్చింది పాప వయసు దగ్గర. యూషు టిబెటన్లుండే ప్రాంతమే అయినా, చైనాలోని చింఘై ప్రావిన్స్‌లో ఉంది. అక్కడ మొదటి తొమ్మిదేళ్ల చదువు నిర్బంధం, ట్యూషన్ ఫీజు ఉండదు. ఊళ్లలో చిన్న బడులు చాలావరకు మూతపడి పిల్లలు హాస్టల్ బడులకు వెళ్తున్నారు, తిండికీ వసతికీ ప్రభుత్వ సాయం ఉంది. మరి మీ 3,000 దేనికి? బట్టలకా, రాకపోకలకా, సంస్థ ఆఫీసు ఖర్చుకా? సంస్థని మొహమాటపడకుండా అడగండి.

అక్కడి కుటుంబాలకు డబ్బు కష్టం ఎక్కువయ్యేది ఆ తర్వాత. పశువులున్నా చేతిలో నగదు తక్కువ. మే, జూన్‌లలో ఇంటిల్లిపాదీ కొండలెక్కి యార్చా గున్బు తవ్వుతారు. అది గొంగళిపురుగు మీద మొలిచే మందు శిలీంధ్రం. చాలా ఇళ్లలో ఏడాది నగదుకి అదే ఆధారం. ఆ ఏడు ధర పడిపోయిందా, 800 కిలోమీటర్ల దూరంలోని చింఘై రాజధాని షినింగ్‌లో కాలేజీకి పంపాలంటే చెయ్యాడదు.

అందుకే నా సలహా: ఏడేళ్ల పాప కాకుండా కాలేజీలో చేరుతున్న అమ్మాయిని ఇప్పించమనండి. మీ లెక్కకీ అదే సరిపోతుంది. ఏటా 8 శాతం పెంచుకుంటూ పోతే పదేళ్లకి మీకయ్యేది 5 లక్షల 20 వేలు దాటుతుంది. కాలేజీ చదువుకి నాలుగేళ్లయితే లక్షా 62 వేలు. మీ అమ్మాయి ఇంజినీరింగ్‌కి వచ్చేసరికి అది ముగింపుకొస్తుంది. పదేళ్లదైతే సరిగ్గా మీ ఇంట్లో ఫీజులు మొదలయ్యాక చెయ్యి బిగుస్తుంది, అప్పుడు ఆపేస్తే నష్టం ఆ పిల్లకే. మొదటి వాయిదా పంపేముందే ఒక ఏడాది డబ్బు, అంటే 36 వేలు, విడిగా ఆర్‌డీలోనో లిక్విడ్ ఫండ్‌లోనో పెట్టండి. ఉద్యోగం ఊడినా ఆ ఏడు ఆగదు.

ఇంకో మాట. 2017 జనవరి 1 నుంచి చైనాలో విదేశీ సంస్థలు పోలీసు శాఖ దగ్గర నమోదు కావాలి, లేదా స్థానిక భాగస్వామి ద్వారా తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. ఆ కాగితం చూపించమనండి. నసిగితే వదిలేయండి. పాపకి ఉత్తరాలు రాసినా దలైలామా ఫొటో, రాజకీయాలు వద్దు. అక్కడ ఆ ఫొటో ఇంట్లో ఉన్నా కుటుంబానికి చిక్కే.

ఆ కాగితం రాకపోతే భారత్‌లోని టిబెటన్ పిల్లలున్నారు. 1960లో ధర్మశాలలో మొదలైన టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్‌కి కర్ణాటకలోని బైలకుప్పెలోనూ బడి ఉంది. హైదరాబాద్ నుంచి రైల్లో మైసూరు వెళ్లి, అక్కడి నుంచి బస్సెక్కితే మీరే స్వయంగా చూసి రావచ్చు. భారతీయ సంస్థకిస్తే, 80జి నమోదు ఉండి, మీరు పాత పన్ను విధానంలో ఉంటే మినహాయింపూ దొరుకుతుంది. 2,000 దాటితే నగదు ఇవ్వకండి, సంస్థ ఇచ్చే విరాళం సర్టిఫికెట్ (ఫారమ్ 10బీఈ) అడిగి తీసుకోండి.