సంతకం దగ్గర ఆగవద్దు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ పాప చేత రాయించి పంపిన ఉత్తరం అందింది. బ్యాంకులో అందరి ముందూ వేలిముద్ర వేయడం కష్టంగా ఉందని, సంతకం ఒక్కటి నేర్పిస్తే చాలని అడిగావు. తప్పకుండా నేర్పిస్తాను. కానీ ఏళ్ల తరబడి రాత్రి బడిలో పెద్దవాళ్ల చేత అక్షరాలు దిద్దించినదాన్ని కనుక, సంతకం దగ్గర మాత్రం ఆగవద్దని మొదటే చెబుతున్నాను. సంతకం మాత్రమే వచ్చినవారు తమ పేరును ముగ్గు వేసినట్టు వేస్తారు. అందులోంచి ఒక్క అక్షరాన్ని విడదీసి మరో చోట చూపిస్తే పోల్చుకోలేరు. వేలిముద్ర వేసేవారికి కాగితంలో ఏముందో చదివి చెప్పాలన్న పట్టింపు ఎదుటివారికి ఎంతో కొంత ఉంటుంది, పక్కన సాక్షి కూడా ఉంటాడు. సంతకం పెట్టినవారు చదువుకొనే పెట్టారని మాత్రం లోకమంతా అనుకుంటుంది. అప్పు కాగితం మీద, హామీ పత్రం మీద చదవకుండా పెట్టిన సంతకం వేలిముద్ర కంటే ప్రమాదమని నేను గట్టిగా నమ్ముతాను. కాబట్టి సంతకం నేర్చుకో, దానితో పాటు చదవడమూ నేర్చుకో.

ఈ వయసులో పలక పట్టుకుంటే నలుగురూ నవ్వుతారని రాశావు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన ఉమ్మడి గుంటూరు జిల్లాలో ఏడేళ్లు నిండినవారిలో చదవడం, రాయడం వచ్చినవారు నూటికి 67 మందే. అంటే నీతో పాటు మిర్చి యార్డులో తొడిమలు తీసేవారిలో, నీ పక్క ఇళ్లలో ఈ లోటు మోస్తున్నవారు ఎందరో ఉన్నారు. నిన్ను బడికి పంపకుండా పనికి పంపిన రోజుల్లో నీ ఇష్టాయిష్టాలు ఎవరూ అడగలేదు. అందులో నీ తప్పు ఏమీ లేదు.

పుస్తకం కంటే ముందు కళ్ల సంగతి చూసుకో. నలభై దాటాక దాదాపు అందరికీ చత్వారం వస్తుంది. దూరాన ఉన్న బస్సు కనిపిస్తుంది గానీ చేతిలోని చీటీ మసకగా ఉంటుంది. చదువు ఎక్కడం లేదని, బుర్ర మొద్దుబారిందని తమను తామే తిట్టుకుంటూ మానేసినవారిలో చాలామందికి అసలు లోపం కళ్లజోడు లేకపోవడమే అని నేను దగ్గరుండి చూశాను. సూదిలో దారం ఎక్కించడానికి పాపను పిలుస్తున్నావంటే నీకూ చత్వారం వచ్చినట్టే. పెద్దాసుపత్రిలో కళ్లు పరీక్ష చేయించుకొని, అద్దాలు పెట్టుకొని కూర్చో. ఇంకొక సంగతి, యార్డు నుంచి రాగానే పలక పట్టవద్దు. మిరప ఘాటు ఉత్త నీళ్లకు పోదు. చేతులకు కాస్త నూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడుక్కో. లేకపోతే చదువుతూ చదువుతూ కళ్లు నలుపుకుంటావు, ఆ రాత్రికి చదువు అంతటితో సరి.

ఇక అక్షరాలు. పసిపిల్లలకు చెప్పినట్టు అ ఆ ఇ ఈ లతో మొదలుపెట్టి 56 అక్షరాలూ వరుసగా వల్లె వేయమని నేను చెప్పను. పెద్దవాళ్లకు అంత ఓపిక ఉండదు, ఉండనక్కరలేదు కూడా. నీకు ఇప్పటికే వేల మాటలు తెలుసు, వాటి రూపం తెలియదు, అంతే. కనుక రోజూ కంటపడే మాటలతో మొదలుపెట్టు. బస్టాండులో పల్లెవెలుగు బస్సు ముందు బోర్డు చూడు. ‘గుంటూరు’ అన్న ఒక్క మాటలో గ, ట, ర వచ్చాయి, కొమ్ము, కొమ్ము దీర్ఘం, సున్నా వచ్చాయి. ‘తెనాలి’లో త, న, ల ఉన్నాయి, వాటితో ఎత్వం, దీర్ఘం, గుడి కూడా తెలుస్తాయి. ‘విజయవాడ’ వ, జ, య, డ ఇస్తుంది, దారిలో తగిలే ‘మంగళగిరి’ మ, ళ ఇస్తుంది. నాలుగు ఊళ్ల పేర్లతో 12 హల్లులు చేతికి వచ్చాయి, ఒక్క ఒత్తు కూడా అడ్డం రాలేదు. ఆ అక్షరాలనే అటూ ఇటూ మార్చి జామ, మామిడి, వాన, గంట అని నువ్వే రాయగలవు. ఎవరూ చెప్పని మాటను నీ అంతట నువ్వు కూడబలుక్కుని చదివిన రోజున నీకు నమ్మకం కుదురుతుంది. పొన్నూరు, బాపట్ల, సత్తెనపల్లి వంటివి మాత్రం ఒత్తులు వచ్చేదాకా పక్కన పెట్టు.

పది రూపాయల నోటు వెనకవైపు పదిహేను భాషల పట్టీ ఉంటుంది. అందులో కింది నుంచి రెండో వరుస మన తెలుగే, ‘పది రూపాయలు’ అని. అందులో ప, ద కొత్తగా నేర్చుకుంటావు. వ, ప, మ, న, స, డ, ద మొదట్లో అందరినీ తికమక పెడతాయి. వాటిని విడివిడిగా కాక పక్కపక్కనే రాసి, తేడా ఎక్కడుందో వేలితో చూపించుకుంటూ దిద్దు. మొదట పలక మీద పెద్దగా రాయి. పలక మీద తప్పు తుడిస్తే పోతుంది కనుక చేయి భయపడదు. చేయి తిరిగాక గీతలు దూరంగా ఉన్న నోటు పుస్తకానికి మారు.

ఒత్తుల దగ్గర చాలామంది ఆగిపోతారు. వాటిలో చాలావరకు తలకట్టు తీసేసిన అసలు అక్షరంలాగే ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం వేరే రూపంలో ఉంటాయి కనుక వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. అమ్మ, నాన్న, అత్త, పిల్ల అన్న నాలుగు ఇంటి మాటల్లోనే అలాంటివి నాలుగు తెలిసిపోతాయి. అంకెలు నీకు ఎలాగూ వచ్చు. తూకం చీటీలో కిలోలు, రేటు పోల్చుకోగలుగుతున్నావు కనుక వాటి మీద ఎక్కువ పొద్దు పెట్టనక్కరలేదు.

ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న పాపకు ఒక మాట. అమ్మ రాసేటప్పుడు చేయి పట్టి దిద్దించవద్దు, తడబడగానే మాట అందించవద్దు. ఆగి, తనే పలికేదాకా ఎదురుచూడు. నీ మూడో తరగతి పుస్తకం అమ్మకు ఇవ్వవద్దు. అందులోని కుందేలు కథ కంటే రేషను కార్డు మీది పేర్లు, డ్వాక్రా సంఘం తీర్మానాల పుస్తకం ఆమెకు ఎక్కువ పనికివస్తాయి.

సీజనులో యార్డు నుంచి ఒళ్లు హూనమై వస్తావు కనుక ఆ నెలల్లో రాత్రి భోజనాలకు ముందు అరగంట చాలు, కానీ ఆ అరగంట తప్పవద్దు. మే నెలలో యార్డుకు సెలవులు ఇచ్చినప్పుడు ఒత్తుల పని పట్టు. వీలైతే తోడుగా మరో ఇద్దరిని కూర్చోబెట్టుకో. ఒంటరిగా నేర్చుకునేవారు చిన్న అడ్డంకికే మానేస్తారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో కలిసి కూర్చున్నవారే. వారు మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, మరుసటి ఏడాదికల్లా ప్రభుత్వం సారాను నిషేధించవలసి వచ్చింది. కలిసి చదువుకుంటే ధైర్యం కూడా కలిసే వస్తుంది.

నేర్చుకున్నది వాడకపోతే నిలవదు. అక్షరాస్యత ఉద్యమాల్లో అక్షరాలు వచ్చినవారిలో ఎందరో మళ్లీ వేలిముద్రకు చేరడానికి కారణం, తరగతులు ముగిశాక చేతిలో చదవడానికి ఏమీ లేకపోవడమే. దినపత్రికలో పెద్ద అక్షరాల శీర్షికలు రోజుకు రెండు చదువు. ఫోనులో వచ్చే తెలుగు సందేశాన్ని పాపకు ఇచ్చే ముందు నువ్వు ఒకసారి ప్రయత్నించు. పెద్దవాళ్ల చదువు కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉల్లాస్ పథకం కింద 15 ఏళ్లు దాటిన చదువురానివారికి పరీక్ష పెడతారు. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కొక్కటి 50 మార్కులకు, మొత్తం 150కి. అందులో నెగ్గితే ధ్రువపత్రం ఇస్తారు. నువ్వు రాయగలవు, రాయాలి కూడా. సంతకం మార్పుకు బ్యాంకులో అర్జీ ఇవ్వడం మాత్రం, ఆ అర్జీని నువ్వే చదవగలిగినప్పుడు పెట్టుకుందాం. ఆదివారం సాయంత్రం మా ఇంటికి రా, వచ్చేటప్పుడు పలక, ఒక పది రూపాయల నోటు, సంఘం పుస్తకం తెచ్చుకో.

ఆశీస్సులతో,
మీ టీచరమ్మ,
బ్రాడీపేట, గుంటూరు