పెంకు మీది అంకెను చూసి ఇంటి వయసు చెప్పకండి

విశాఖ వన్ టౌన్‌లో ఇప్పటికీ నిలిచి ఉన్న అతి పాత ఇల్లు ఏది, అది పాతదని ఎలా తెలుస్తుంది అని అడిగారు. ఆ కిరీటం బురుజుపేటలోని మా నానమ్మ ఇంటికే దక్కాలని మా బాబాయి ఏళ్ల తరబడి వాదించాడు. ఆ వాదన ఎలా వీగిపోయిందో చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

"కుంఫిణీ నాటి ఇల్లు", అంటే ఈస్టిండియా కంపెనీ కాలం నాటిది, అన్నది మా ఇంట్లో ఊతపదం. పేట పేరు వింటే నమ్మబుద్ధి కూడా అవుతుంది. ఈస్టిండియా కంపెనీ పదిహేడో శతాబ్దం చివర ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చి దాన్ని పట్టుకున్నాడు. కంపెనీ వాళ్ల కోట ఎప్పుడో పోయింది, కోటవీధి, బురుజుపేట అన్న పేర్లు మాత్రం మిగిలాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు మా పెంకులు సగం వీధిలో పడ్డాయి. మర్నాడు ముక్కలు ఏరుతుంటే ఒకటి పగలకుండా దొరికింది. తిరగేసి మట్టి తుడిచాను. ఇంగ్లీషు అక్షరాల్లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ పేరు, దానితోపాటు 1865. బాబాయి ముఖం వెలిగిపోయింది. నెత్తిన ఆకాశం కనిపిస్తున్నా ఆయనకు పట్టలేదు. నానమ్మ మాత్రం, "అమ్మవారే కప్పు లేకుండా కూర్చుంది, మనకెందుకురా ఈ పెంకుల గొడవ" అంది. మా పేటలోని కనకమహాలక్ష్మి గర్భగుడికి పైకప్పు ఉండదు కదా, ఆవిడ ధైర్యం అది.

పెంకును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాడు బాబాయి. వచ్చినవాళ్లందరికీ కాఫీ కంటే ముందు అదే దర్శనం. రెండేళ్ల తర్వాత మా అత్తవారి ఊళ్లో ఒక ఇల్లు విప్పుతుంటే అచ్చం అలాంటి పెంకే చూశాను. దాని మీదా అదే 1865. ఆ ఇంటి ద్వారబంధం మీద మాత్రం 1908 అని చెక్కి ఉంది. పని చేయిస్తున్న మేస్త్రీ నవ్వాడు. మంగుళూరులో ఆ మిషన్ వాళ్లు పెంకుల ఫ్యాక్టరీ తెరిచిన ఏడాదట అది. దాన్నే తర్వాత దశాబ్దాల పాటు అచ్చు వేస్తూ పోయారు.

ఆ మేస్త్రీనే మా ఇంటికి తీసుకొచ్చాను. ఆయన కప్పు వైపు చూడనే లేదు. వెనక గోడ దగ్గర కూర్చుని ఊడిపోతున్న సున్నాన్ని గోటితో గీకాడు. నడుము ఎత్తు దాకా మన కొండల్లో దొరికే ఎర్రటి ఖోండలైట్ రాయి, ఆ పైన ఇటుక. రెండూ కలిసే చోట వంకర గీత. "ఇక్కడి దాకా ఒక చెయ్యి, ఇక్కడి నుంచి ఇంకో చెయ్యి" అన్నాడు. అప్పుడు ముత్తాత కొన్న 1911 నాటి దస్తావేజు తీశాం. ఆస్తి వివరంలో "తాటాకు ఇల్లు" అని ఉంది. అంటే మా ముత్తాత కొన్న నాటికి ఆ ఇంటి మీద పెంకే లేదు!

కాబట్టి ఫలానా ఇల్లే అతి పాతదని ఎవరైనా అంటే, అందులో ఏ భాగం అని అడగండి. పునాది ఒక తరానిది, గోడ ఇంకో తరానిది, కప్పు మరొకరిది అవుతుంది. 1914 నాటి కురుపాం మార్కెట్ లాంటి వాటికి ఏడాది తెలుస్తుంది, మామూలు ఇళ్లకు పుట్టినరోజు రాసిపెట్టేవాళ్లు తక్కువ. సున్నపు గోడను చూసి కూడా తొందరపడకండి, సిమెంటు వచ్చాక కూడా చాలాకాలం సున్నంతో కట్టారు. నా మటుకు నాకు దస్తావేజే పెద్ద సాక్షి. ఇంటివాళ్ల దగ్గర లేకపోతే రిజిస్ట్రేషన్ కార్యాలయంలో నకలుకు దరఖాస్తు చేయించండి. హద్దులతో పాటు ఇంటి రకం రాశారేమో చూడండి.

మా ఇంటికి ఇప్పుడు రేకులు వేశాం. పెంకు ఇంకా బీరువాలోనే ఉంది. బాబాయిని అడిగితే ఇప్పటికీ 1865 అనే చెబుతాడు.