రాత్రిపూట గోలెం దగ్గర

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మీ కుక్క చిట్టి పోయిన చోట ఇక చదవలేక, కాసేపు కాలవ గట్టు మీద నడిచొచ్చి మళ్ళీ పట్టుకున్నాను. నీకు రాయడం వచ్చు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది.

చిట్టి చన్నులో లేచిన గడ్డ గురించి చివర్లో "గడ్డ దాన్ని మింగేసింది" అన్నావు. నాకు నమ్మకం కుదరలేదమ్మా. మూడో పేజీలో నువ్వే ఇంకో మాట చెప్పావు. చిట్టి రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేచి దొడ్లో గేదెల గోలెం దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగేదనీ, తెల్లారేసరికి వసారా అంతా తడిపేసేదనీ, మీ అమ్మగారు విసుక్కునేవారనీ. ఆ ముక్క అక్కడ వేసి మళ్ళీ దాని జోలికే పోలేదు. నీ కథ ఉన్నది అక్కడే.

కిడ్నీ దెబ్బతింటుంటే మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గిపోతుంది. నీళ్ళలా పల్చగా పోతుంది. పోయిన నీరు పూడ్చుకోవడానికి కుక్క తాగుతూనే ఉంటుంది. కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినైన్, అది రక్తపరీక్షలో పెరిగినట్టు కనపడేది ఆ తర్వాతే, సుమారు 75 శాతం పనితనం పోయాక. డాక్టరుగారి కాగితం కన్నా మీ గోలెం ముందు చెప్పింది. ఇంట్లో అందరూ గడ్డనే చూస్తున్నారు, ఎందుకంటే అది చేతికి తగులుతుంది.

ఈ తప్పు నేనూ చేశాను. మా కుక్కకి పన్నెండో ఏట వెనక చన్నుల దగ్గర ఉసిరికాయంత గడ్డ లేచింది. రాత్రంతా మూలుగుతుంటే చూడలేక, మందుల షాపులో మనుషులు వేసుకునే నొప్పుల బిళ్ళలు తెచ్చి, బెల్లంలో పెట్టి నాలుగు రోజులు మింగించాను. ఆ రకం బిళ్ళలు కిడ్నీకి రక్తం సరిగా అందకుండా చేస్తాయని అప్పుడు నాకు తెలీదు. ఐదో రోజు అన్నం ముట్టలేదు. నోరు తెరిస్తే ఉచ్చ వాసన, చిగుళ్ళ మీద పుళ్ళు. గడ్డ మాత్రం ఉసిరికాయంతే ఉంది. పత్రికకి వ్యాసం రాస్తూ క్యాన్సర్ తీసుకుపోయిందన్నాను. బిళ్ళల ఊసే ఎత్తలేదు. ఇరవై ఏళ్ళయింది, ఆ వ్యాసం ఉన్న బీరువా అర ఇప్పటికీ తియ్యను.

అందుకని ముందు నిజం కనుక్కో. ఆ గడ్డ ముక్కని పరీక్షకి పంపారా? కథలో లేదు. ఆడకుక్కల చన్నుల్లో వచ్చే గడ్డల్లో సుమారు సగం క్యాన్సర్ కానివే. ముక్క తీసి చూస్తే గాని తేలదు. క్యాన్సరే అయితే, దాని మీద ఒళ్ళు చేసే పోరాటంలో పుట్టిన పదార్థాలు కిడ్నీ జల్లెడలో ఇరుక్కుని, మూత్రంలో ప్రొటీన్ పోవచ్చు. లేదా రెండు జబ్బులూ ముసలితనంలో వేటికవే వచ్చుండొచ్చు. ఆపరేషన్‌కి మత్తిచ్చినప్పుడు బీపీ పడిపోయినా కిడ్నీ దెబ్బతింటుంది. మత్తుకి ముందు రక్తం, మూత్రం రెండూ చూశారా అని అడుగు. నిష్ఠూరంగా కాదు, తెలుసుకోవడానికి.

మన వైపు ఇంకో అనుమానం కూడా ఉంది. సార్వా నాట్లప్పుడు చిట్టి మీ నాన్నగారి వెనకే చేలో నీళ్ళల్లో తిరిగేదన్నావు. ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్ళ వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్కల కిడ్నీలని పాడుచేస్తుంది, మనుషులకీ వస్తుంది. దానికి టీకా ఉంది. చిట్టికి వేయించారో లేదో కనుక్కో.

ఇవన్నీ కథలో ఇరికించమని కాదు. పాఠకుడికి క్రియాటినైన్ అంకెతో పనిలేదు. కానీ నీకు తెలిసుంటే ఆ వాక్యాలు వేరేగా పడతాయి. "మింగేసింది" అనే మాట నీ చేతికి రాదు. మీ అమ్మగారు విసుక్కున్న ఆ పొద్దుటిపూటలు కథ నడుమకి వస్తాయి. ఆవిడని దోషిని మాత్రం చెయ్యకు. వసారా కడుగుతూ ఏమన్నారో అడిగి, ఆ మాటలు ఆ మాటలుగానే రాయి.

తిరగరాసి దసరాలోపు పంపు. గోలెం ఎంత ఎత్తో కూడా రాయి. చివరి రోజుల్లో వెనక కాళ్ళు నిలవని కుక్క దాని అంచు ఎలా అందుకునేదో నాకు కనపడలేదు.

ఇట్లు,
బాబాయి