రాబద్ వ్యాఖ్యను ఎలా చదవాలి?

ప్రశ్న: యూదు పండితుడు మైమోనిడీస్ తన ధర్మశాస్త్రం ‘మిష్నే తోరా’, పశ్చాత్తాప నియమాలు 3:7లో దేవుడికి శరీరం ఉందనేవాడు మతభ్రష్టుడన్నారు. దానిపై అభ్యంతరం చెప్పిన రాబద్ దేవుడికి శరీరం ఉందని నమ్మారా?

జవాబు: లేదండీ. దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్‌కు చెందిన ఈ యూదు పండితుడి (మరణం 1198) అభ్యంతరం ఆ ముద్ర వేయడం మీదే. మైమోనిడీస్ కన్నా గొప్పవాళ్లు కూడా లేఖనాలు, పురాణగాథలు చదివి అలా అనుకున్నారు కదా, వాళ్లను భ్రష్టులనడమేమిటన్నది ఆయన బాధ. రాబద్ వ్యాఖ్య చదివేటప్పుడు ముందు మైమోనిడీస్ మూలవాక్యంలో ఏ ముక్కను ఎత్తి రాశారో చూడండి. రాబద్ అసలు పేరు అబ్రహాము; ‘అబ్రహాము అన్నాడు’ తర్వాతిదే ఆయన మాట. తీర్పును కాదంటున్నారా, కారణాన్నా అన్నది అక్కడే తేలుతుంది. ఈ తేడా వదిలేస్తేనే పొరపాటు. తర్వాత ‘మిష్నే తోరా’కు యోసెఫ్ కారో రాసిన వ్యాఖ్యానం ‘కెసెఫ్ మిష్నే’ తప్పక చూడండి: అందులో ఉదహరించిన పాఠాంతరంలో, అసలు విశ్వాసం మైమోనిడీస్ చెప్పినదేనని రాబద్ స్పష్టంగా ఒప్పుకుంటారు.