దవడ కీలు నొప్పి, ముఖ నరం నొప్పి ఒకటేనా?

దవడ కీలు చెడితే ముఖంలో నరాల నొప్పి వస్తుందా అని మీరు అడిగారు. మా అమ్మ విషయంలో దీనికి జవాబు దొరికేసరికి ఆమె పళ్లు రెండు పోయాయి కాబట్టి గట్టిగానే చెబుతాను: అవి ఒకే నరం మోసే నొప్పులే గాని, ఒకే జబ్బు కావు.

అమ్మ ఒక శుక్రవారం కుడి చెంపకే పసుపు రాసుకుని వంటింట్లోకి వచ్చింది. అదేమిటమ్మా అంటే, ఎడమ చెంపకు వేలు తగిలితే కరెంటు కొట్టినట్టుందిరా అంది. కాఫీ గ్లాసు పెదవి దాకా తెచ్చి ఆపేసేది, ఫ్యాను గాలికి కొంగు అడ్డం పెట్టుకునేది. దంతవైద్యులు పై వరుసలో ఒక పన్ను, నెల తిరిగాక దాని పక్క పన్ను తీశారు. మరొకరు, నోరు తెరిస్తే దవడ టక్కుమంటోంది గనుక కీలుదే తప్పని చెప్పి, రాత్రిపూట పళ్లకు తొడుగు పెట్టించారు. ఆ చప్పుడు అమ్మకు పాతికేళ్లుగా ఉంది. నొప్పి లేని చప్పుడుకు సాధారణంగా వైద్యమే అక్కర్లేదు.

నొప్పి ఎంతసేపు ఉంటుందని మొదట అడిగినది న్యూరాలజిస్టు. అమ్మ చిటిక వేసి చూపించింది. ఇంత చిన్న ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

కీలు నొప్పి నమిలినప్పుడు, ఆవులించినప్పుడు పెరిగి గంటల తరబడి సలుపుతుంది, కొందరికి నోట్లో మూడు వేళ్లు కూడా పట్టవు. ట్రైజెమినల్ న్యూరాల్జియా, అంటే అమ్మకున్న ముఖ నరాల నొప్పి, మెరుపులా వచ్చి సెకన్లలో, మహా అయితే రెండు నిమిషాల్లో పోతుంది. చాలామందిలో మెదడు కాండం దగ్గర రక్తనాళం ఒకటి ఆ నరాన్ని నొక్కడమే కారణం. ఆ నరం మెదడు నుంచి బయలుదేరే కపాల నాడుల్లో ఐదవది, కీలు నొప్పిని మోసేదీ దాని కింది శాఖే. అందరూ ముఖ నాడి అంటున్నది ఏడవది. దాని ముఖ్యమైన పని ముఖ కండరాలను కదిలించడం, ఈ నొప్పి దానిది కాదు.

ఎమ్మారై తీశాక కార్బమజపిన్ అనే నరాల నొప్పి మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు, వారం తిరగకుండా అమ్మ రెండు చేతులతో ముఖం కడుక్కుంది. ఆ మందును దుకాణంలో అడిగి తెచ్చుకోకండి. రక్తంలో సోడియం చూస్తుండాలి, ఒంటిమీద దద్దురు వస్తే వెంటనే వైద్యుణ్ణి కలవాలి.

ఎడమవైపు పళ్లు లేక అమ్మ అంతా కుడివైపే నములుతోంది. ఇప్పుడు సాయంత్రానికి ఆ కుడి కీలు సలుపుతోంది.