చాక్లెట్‌ను తాగిన కాలం

ప్రశ్న: కావలిలో మాకు చిన్న కిరాణా దుకాణం ఉంది. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో కూడా సీసాలోని వేరుశనగ ఉండలు చెక్కుచెదరవు గాని, చాక్లెట్లు మెత్తబడి కాగితానికి అంటుకుపోతాయి. కోకో వేడి దేశాల పంటే అంటారు కదా. ఎండకు ఇంతగా ఓర్వలేని ఈ పదార్థాన్ని అక్కడివారు పూర్వం ఎలా తినేవారు?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: వారు తినేవారు కారు, తాగేవారు. చాక్లెట్ బిళ్ల పుట్టి ఇంకా రెండు వందల ఏళ్లు నిండలేదు.

నేటి ఈక్వెడార్ ఆగ్నేయ ప్రాంతంలో దొరికిన సుమారు 5,300 ఏళ్ల నాటి పాత్రలలో కోకో ఆనవాళ్లు బయటపడ్డాయి. ఆ తరువాతి కాలంలో మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల ప్రాచీన జాతులైన మాయా ప్రజలు, అజ్టెక్కులు కోకో గింజలను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, రాతిపై నూరి, ఆ ముద్దను నీళ్లలో కలిపి, మిరపకాయ వంటివి చేర్చి, మన టీ కొట్లలో టీని తిరగబోసినట్లు ఎత్తునుంచి పోసి నురుగు తెప్పించేవారు. చక్కెర లేని ఆ చేదు పానీయం మనకు రుచించేదో లేదో గాని, మిరపకాయ పుట్టిల్లు కూడా అమెరికా ఖండమే కనుక నెల్లూరివారు దానిని పూర్తిగా పరాయిదనలేరు. గింజలు డబ్బుగానూ చెల్లేవి: మెక్సికోలోని త్లాస్కాలాకు చెందిన 1545 నాటి ధరల పట్టిక ప్రకారం పెద్ద టమాటాకు ఒక గింజ, మంచి టర్కీ కోడిపెట్టకు వంద గింజలు.

స్పెయిన్‌వారి ద్వారా ఐరోపా చేరి, చక్కెర తోడైనా, అది పానీయంగానే మిగిలింది. గింజలో దాదాపు సగం కొవ్వే కావడంతో కప్పులో అది జిడ్డుగా పైకి తేలేది. 1828లో నెదర్లాండ్స్‌లోని వాన్ హౌటెన్ కుటుంబం ఆ కొవ్వును చాలావరకు పిండివేసే యంత్రానికి పేటెంటు పొందింది. వదిలించుకోవాలని తీసిన ఆ కొవ్వునే 1847లో ఇంగ్లండ్ నగరం బ్రిస్టల్‌లోని ఫ్రై సంస్థ కరిగించి, కోకో పొడిలోనూ చక్కెరలోనూ కలిపి, అచ్చులలో పోసి, కొరికి తినే చాక్లెట్‌ను తయారుచేసింది. 1875లో స్విట్జర్లాండ్‌లో డేనియల్ పీటర్ పాలు చేర్చారు. 1879లో ఆ దేశానికే చెందిన చాక్లెట్ తయారీదారు లింట్ గంటల తరబడి రుబ్బే యంత్రంతో దానికి నునుపు తెచ్చారు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో మిఠాయి వ్యాపారి హెర్షీ నెలకొల్పిన కర్మాగారం వంటివి దానిని సామాన్యుల చేతికి అందించాయి.

మీ చిక్కంతా ఆ కొవ్వుతోనే. అది సుమారు 34 డిగ్రీల వద్ద కరుగుతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు గనుకనే చాక్లెట్ నోట్లో వెన్నలా జారుతుంది. రోహిణీ కార్తెలో మీ దుకాణం నోటికన్నా వేడిగా ఉంటుంది. వేరుశనగ ఉండకు పట్టునిచ్చేది బెల్లపు పాకం, కొవ్వు కాదు. కోకో కొవ్వుకు బదులు ఇతర నూనెల కొవ్వు వాడిన చవకరకాలు కొంత తట్టుకోవచ్చు గాని, వాటికి ఆ జారుడు రాదు. ఒకసారి కరిగి మళ్లీ గట్టిపడిన బిళ్లపై కనిపించే తెల్లని పొర సాధారణంగా పైకి తేలిన కొవ్వే తప్ప బూజు కాదు.